మొహమాటం లేని పిచింగ్ రిపోర్టు

ఫిబ్రవరి 12, బుధవారం

ఉద్యోగం వచ్చింది. కాలేజీ బేస్‌బాల్ టీమ్‌లో డేటా అసిస్టెంట్. జన్మలో బేస్‌బాల్ బంతి ముట్టుకోలేదు. కోచ్ డన్‌లప్ ఆ సంగతి అడగలేదు, నేను చెప్పలేదు. ఎక్సెల్ వచ్చా అని మాత్రం అడిగాడు. ఒంగోలు నుంచి ఎం.ఎస్. చేయడానికి ఇల్లినాయ్ దాకా వచ్చినదాన్ని పట్టుకుని అడగాల్సిన ప్రశ్నేనా?

పని తేలికే. టీమ్‌లో బంతి విసిరేవాళ్ళు పద్నాలుగు మంది. పిచర్లంటారు. విసిరినప్పుడల్లా వేగం ఎంతో రాడార్ చెబుతుంది, చెయ్యి ఎంత ఎత్తులో ఉందో కెమెరా చెబుతుంది. వారమంతా చూసి ఎవరు పనికొస్తారు, ఎవరు దండగ, ఎవర్ని కూర్చోబెట్టాలి అని ప్రతి గురువారం ఒక పేజీ రాసివ్వాలి. దాన్నిబట్టి వారాంతం మ్యాచ్‌లకి మనుషుల్ని ఎంచుతారు.

కోచ్ ఒక్క మాటే చెప్పాడు. "వాళ్ళని ముద్దు చేయడానికి వాళ్ళ అమ్మలున్నారు. నువ్వు నిజం రాయి."

సరిగ్గా నాలో లేనిదే అడిగాడు. నా జబ్బు మొహమాటం. మొన్న శనివారం ఒకే సాయంత్రం మూడిళ్ళలో భోంచేశాను, "తినే వచ్చానండీ" అని చెప్పలేక. నా జుట్టు అడ్డదిడ్డంగా కత్తిరించిన అమ్మాయితో చాలా బాగుందని చెప్పి, ఇంటికొచ్చి ఏడ్చి, మళ్ళీ ఆమె దగ్గరికే వెళ్ళాను.

అందుకని తీర్మానం. సీజన్ అయ్యేదాకా మొహమాటం బంద్!

1. పిచర్లతో స్నేహం చేయకూడదు.
2. వాళ్ళు పెట్టింది తినకూడదు.
3. రిపోర్టులో "పర్లేదు" అనే అర్థం వచ్చే మాటేదీ ఉండకూడదు.

నా రూమ్మేట్ నిహారికది నిజామాబాద్. చదివి పకపకా నవ్వింది. "నువ్వా? నిన్న బస్సుల నీ కాలు తొక్కినోనికి నువ్వే సారీ చెప్పినవ్ గదనే."

ఫిబ్రవరి 20, గురువారం

బయట మంచు. పెద్ద షెడ్డులో ప్రాక్టీసు. మొదటి రిపోర్టు ఇచ్చేశాను. కొన్ని ముక్కలు:

టైలర్: కర్వ్ బాల్ అని విసురుతున్నది తిన్నగా వెళ్తోంది. దానికి ఆ పేరు తీసేయాలి.

కోల్: వేగం అద్భుతం. దిశ దైవాధీనం.

బ్రాండన్: నెమ్మది. కానీ మా వీధి పాలవాడిలా రోజూ ఒకే చోటికి, ఒకే వేళకి.

ఈషాన్: టీమ్‌లో ఒక్కడే మనవాడు. ఈ రాష్ట్రంలోనే షామ్‌బర్గ్‌లో పుట్టి పెరిగాడు, రెండో సంవత్సరం. గంటకి ఎనభై తొమ్మిది మైళ్ళు, చేతిలో ఒడుపు, తలలో ప్రశాంతత. శనివారం మ్యాచ్‌లు ఇతనితోనే మొదలుపెట్టాలి.

కోచ్ రెండుసార్లు చదివి, కోల్ గురించి రాసిన చోట గట్టిగా నవ్వి, గోడకి అంటించాడు. కాగితం మీద నిజం రాయడం ఇంత తేలికని ముందే తెలిసుంటే ఒంగోలులో సగం మందికి రిపోర్టులు రాసిచ్చేదాన్ని.

మార్చి 6, గురువారం

టైలర్ గోడ మీద కాగితం చదివాడట. ఆరున్నర అడుగుల మనిషి వచ్చి నా బల్ల ముందు తల వంచుకుని నిలబడ్డాడు. అంత దారుణంగా ఉందా అన్నాడు. ఉంది అన్నాను. నా నోటితోనే! వెళ్ళిపోయాడు. బాత్రూంలో పది నిమిషాలు కూర్చుని బయటికొచ్చాను. తీర్మానం చెక్కుచెదరలేదు.

సాయంత్రం ఈషాన్ వచ్చాడు. "అక్కా, నువ్వు తెలుగు కదా? మా అమ్మకి చెప్పాను. షీ ఈజ్ సో హ్యాపీ. సాటర్డే వస్తుంది."

ఒకటో నియమం ప్రకారం తల మాత్రం ఊపాను. అక్కా అన్నాక తల ఊపకపోతే మర్యాద కాదు.

మార్చి 8, శనివారం

గెలిచాం. ఈషాన్ దివ్యంగా వేశాడు.

మ్యాచ్ అయ్యాక వాళ్ళమ్మ మీనా ఆంటీ, నాన్న శశికాంత్ అంకుల్ వచ్చారు. ఆంటీ నా చెయ్యి పట్టుకుని, "ఇంత సన్నగా ఉన్నావేంటమ్మా, ఏం తింటున్నావసలు?" అంది. జవాబు కోసం ఆగకుండా ఒక స్టీలు డబ్బా చేతిలో పెట్టింది. పులిహోర, గోంగూర పచ్చడి.

రెండో నియమం మళ్ళీ చదువుకున్నాను. పిచర్లు పెట్టింది తినకూడదని ఉంది. పిచర్ల అమ్మలు పెట్టింది గురించి ఏమీ లేదు. డబ్బా ఖాళీ.

మార్చి 14, శుక్రవారం

ఖాళీ డబ్బా ఎలా తిరిగివ్వాలి? మా ఇళ్ళలో ఆ అలవాటే లేదు. చారెడు పంచదారైనా వేసివ్వాలి. మా గదిలో పంచదార కూడా అయిపోయింది. ఆటగాళ్ళు కూర్చునే చోట ఎప్పుడూ పొద్దుతిరుగుడు గింజల సంచులుంటాయి, నములుతూ పొట్టు ఉమ్ముతుంటారు. ఒక సంచి డబ్బాలో పోసి ఈషాన్‌కి ఇచ్చాను.

మార్చి 22, శనివారం

డబ్బా తిరిగొచ్చింది. ఆంటీ ఆ గింజల పొట్టు ఒలిచి, వేయించి, ఎండుమిర్చి, వెల్లుల్లి వేసి కారప్పొడి కొట్టింది. వేడి అన్నంలో నెయ్యితో అమోఘం. పైన మినప సున్నుండలు కూడా.

ఇప్పుడు మళ్ళీ నేను బాకీ. నిహారిక అంది, "డబ్బా తిరుగుతనే ఉంటదే. నీ రిపోర్టు ఏమైతదో సూడు."

నా రిపోర్టుకేం? సంఖ్యలు సున్నుండలు తినవు.

మార్చి 30, ఆదివారం

ఉగాది. షామ్‌బర్గ్‌లో మీనా ఆంటీ ఇంట్లో భోజనాలు. ఈషాన్ వచ్చి తీసుకెళ్ళాడు. వద్దనలేదు. పండగ పూట ఎవరంటారు?

ఆంటీ నన్ను అందరికీ పరిచయం చేసింది. "మా వాడి టీమ్‌లో సైంటిస్ట్. మన ఈషాన్‌ని ఆడించాలో లేదో ఈ అమ్మాయే డిసైడ్ చేస్తుంది." నలభై మంది తలకాయలు నావైపు తిరిగాయి. ఒకాయన నా విస్తట్లో ఇంకో బొబ్బట్టు వేశాడు.

ఏప్రిల్ 12న మా కాలేజీ మైదానంలోనే మ్యాచ్. ఈ నలభై మందీ వస్తున్నారు. బస్సు మాట్లాడారు. ఈషాన్ పేరుతో టీషర్టులు కూడా అచ్చువేయించారు. ఆంటీ అక్కడున్న వాళ్ళందరికీ ఒక్కో టీషర్టు ఒంటికి పెట్టి చూసింది. నాకు మీడియం సరిపోయింది.

ఏప్రిల్ 3, గురువారం

ఈషాన్ వేగం పడిపోతోంది. ఎనభై తొమ్మిది కాస్తా ఎనభై ఆరు. బంతి వదిలేటప్పుడు చెయ్యి రోజురోజుకీ కిందికి దిగుతోంది. నొప్పిని తప్పించుకునేవాడి చెయ్యి అలా దిగుతుందని కోచ్ మొదటివారమే నేర్పాడు.

ప్రాక్టీసయ్యాక అడిగాను. మోచెయ్యి విదిలిస్తూ దిక్కులు చూశాడు.

"కొంచెం పెయిన్ అక్కా. బట్ ఇట్స్ ఫైన్."

"కోచ్‌కి చెప్పావా?"

"చెప్తే బెంచ్ చేస్తాడు, ఆడనివ్వడు. అమ్మ అందరికీ చెప్పింది కదా. ప్లీజ్, నువ్వు అది రాయకు. ట్వెల్త్ వరకు ఓన్లీ. తర్వాత నేనే చెప్తాను, ప్రామిస్."

తల ఊపాను. ఈ తల ఎవరైనా కోసేస్తే బాగుండును.

ఈ వారం ఈషాన్ గురించి రాసింది: వేగం కాస్త తగ్గింది, గమనిస్తున్నాం. ఇది అబద్ధం కాదు. గమనిస్తూనే ఉన్నాను.

ఏప్రిల్ 10, గురువారం

ఎనభై నాలుగు.

పొద్దున రిపోర్టులో "మోచేతి నొప్పి, వెంటనే ఆపాలి" అని టైపు చేశాను. కాఫీ తాగొచ్చాను. అప్పుడే మీనా ఆంటీ ఫోన్. "కావ్యా, మీ కోచ్‌కి కారం పడుతుందా? బస్సులో పెద్ద గిన్నెడు పులిహోర తెస్తున్నాం." పడుతుందన్నాను. ఫోన్ పెట్టేసి ఆ వాక్యం చెరిపేశాను. దాని స్థానంలో: చలి వల్ల వేగం తగ్గింది, సమస్య కాదు.

చలి మాత్రం నిజం. ఏప్రిల్లో కూడా మంచు కురిసే ఊరు ఇది. శాస్త్రీయ కారణం.

తీర్మానం రద్దు కాలేదు. వాయిదా పడింది. పదమూడో తేదీ నుంచి మళ్ళీ మొదలు.

ఏప్రిల్ 12, శనివారం

12:30. బస్సు వచ్చింది. నలభై టీషర్టులు. ఒక డోలు కూడా.

1:10. మొదటి ఇన్నింగ్స్ (ఈ ఆటలో ఒక మ్యాచ్‌కి తొమ్మిదుంటాయి). ఎనభై నాలుగు. నెట్టుకొచ్చాడు. డోలు.

1:35. రెండో ఇన్నింగ్స్. ఎనభై మూడు. బంతి వదిలాక ప్రతిసారీ వేళ్ళు విదిలిస్తున్నాడు. కోచ్ దగ్గరికి వెళ్దామని లేచాను. మీనా ఆంటీ నన్ను చూసి రెండు చేతులూ ఊపింది. నేనూ ఊపాను. కూర్చున్నాను.

2:00. మూడో ఇన్నింగ్స్. ఎనభై ఒకటి. లేచాను. వేగాలు చూపించే టాబ్లెట్ పట్టుకుని రెండడుగులు వేశాను. కోచ్ వెనక్కి తిరిగి "ఏంటి?" అన్నాడు. "నీళ్ళు కావాలా?" అని అడిగాను. నిజంగా అలాగే అడిగాను.

2:20. నాలుగో ఇన్నింగ్స్. బంతి దాన్ని పట్టాల్సిన క్యాచర్ తల మీదుగా పోయి వెనక వలకి తగిలింది. ఈషాన్ మోచెయ్యి పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. డోలు ఆగింది.

మిగతాది తర్వాత రాస్తున్నాను. వాణ్ణి తీసుకెళ్ళాక కోచ్ రెండు వారాల లెక్కలు చూపించమన్నాడు. టాబ్లెట్ ఇచ్చాను. అరవలేదు. అరిచుంటే బాగుండేది.

"చలి అని రాశావు."

"అవును."

"కోల్ కూడా ఇదే చలిలో వేశాడు. వాడి వేగం తగ్గలేదు."

సిగ్గుతో చచ్చిపోయాను.

ఏప్రిల్ 15, మంగళవారం

షామ్‌బర్గ్‌లో క్లినిక్. స్కాన్ ఫలితం వచ్చింది. మోచేతి లోపల స్నాయువు సగం చిరిగింది. ఈ సీజన్ అయిపోయింది. ఆపరేషన్ కావాలో వద్దో సెప్టెంబరులో చెబుతారట. రెండు వారాల ముందు ఆపుంటే విశ్రాంతితో పోయేదేమో అని డాక్టర్ అన్నాడు. నాతో కాదు. కానీ నేను అక్కడే ఉన్నాను.

ఈషాన్‌ని లోపలికి తీసుకెళ్ళి చేతికి పట్టీ కడుతున్నారు. బయట కుర్చీల్లో ఆంటీ, అంకుల్, నేను. ఆంటీ నావైపు తిరిగింది.

"కావ్యా, నీకు ముందే తెలుసా?"

"తెలుసు ఆంటీ. రెండు వారాల నుంచి."

"మరి చెప్పలేదేమ్మా?"

"మీరు అందరినీ పిలిచారు. మీ మొహం చూసి చెప్పలేకపోయాను."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. ఆంటీ పవిట కొంగు వేలికి చుట్టుకుంది.

"మ్యాచ్‌కి ముందు వీకెండ్ ఇంటికొచ్చినప్పుడు అన్నంలోకి స్పూన్ అడిగాడు. ఎప్పుడూ చేత్తో కలుపుకునే పిల్లాడు. ఎడం చేత్తో తిన్నాడు. నేను చూశాను. అడిగితే నొప్పంటాడు, నొప్పంటే మ్యాచ్ వద్దనాలి. అంతమందిని రమ్మని చెప్పి ఎలా వద్దంటాను? అడగలేదు."

పక్క కుర్చీలోంచి అంకుల్ గొంతు సవరించుకున్నాడు. "నాతో వాడే చెప్పాడు మీనా. నువ్వు డిసప్పాయింట్ అవుతావని నేను చెప్పలేదు."

అంటే నలుగురికీ తెలుసు. అమ్మకి, నాన్నకి, నాకు, మోచెయ్యి ఎవరిదో వాడికి. అందరం ఒకరి మనసు ఒకరం నొప్పించకుండా కాపాడుకున్నాం. ఆ బరువంతా ఇరవై ఏళ్ళ కుర్రాడి చేతి మీద పెట్టాం. అక్కడే ఏడ్చేశాను. ఆంటీ కూడా ఏడ్చింది. అంకుల్ నీళ్ళు తేవడానికి వెళ్ళి, చాలాసేపు రాలేదు.

ఏప్రిల్ 17, గురువారం

పొద్దున్నే కోచ్ గదికి వెళ్ళి మొత్తం చెప్పాను. నొప్పి సంగతి, చెరిపేసిన వాక్యం, సున్నుండలు. వెళ్ళిపొమ్మంటాడని సంచి సర్దుకునే వెళ్ళాను. వెళ్ళిపొమ్మనడం తేలిక, నీకు ఇంకా కష్టమైన పని ఇస్తాను అన్నాడు. ఇకనుంచి రిపోర్టు ఆయనకి ఇచ్చే ముందు, ఎవరి గురించి రాశానో వాళ్ళ ఎదురుగా కూర్చుని చదవాలి. కళ్ళలోకి చూస్తూ.

మొహమాటం బంద్. ఇవాళ్టి నుంచి. ఈసారి నియమాలు రాయడం లేదు, వాటిలో కంతలు వెతకడం నాకు బాగా వచ్చు.

టైలర్‌కి చదివాను. కోపం వచ్చింది, తలుపు గట్టిగా వేసి వెళ్ళాడు. బ్రాండన్ థాంక్స్ చెప్పాడు. కోల్ సగంలో నిద్రపోయాడు.

షెడ్డు ఖాళీ అయ్యాక ఈషాన్ వచ్చాడు. కుడి చెయ్యి పట్టీలో మెడకి వేలాడుతోంది. ఎదురు కుర్చీలో కూర్చున్నాడు.

"అక్కా, నాది కూడా చదువు."

"నీది లేదు. నువ్వు ఆడట్లేదు కదా."

"ఓకే, చదవకు. చెప్పు. నేను మళ్ళీ ఎయిటీ నైన్ వేస్తానా?"

తప్పకుండా వేస్తావు అనే మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. వాడి మొహం చూస్తే ఎవరైనా అదే అంటారు. రెండు చేతులతో బల్ల అంచు పట్టుకున్నాను.

"తెలియదు ఈషాన్. వేయకపోవచ్చు కూడా."

వాడు తల దించుకున్నాడు. ఏడుస్తున్నాడు. లేచి వెళ్ళి, అదేం లేదులే, సరదాకి అన్నాను అని చెప్పాలనిపించింది. కూర్చునే ఉన్నాను. వాడు ఎడం చేత్తో మొహం తుడుచుకున్నాడు.

"అమ్మ వేస్తావ్ అంది. నాన్న వేస్తావ్ అన్నాడు. కోచ్ కూడా. నేను ఎవర్నీ బిలీవ్ చేయలేదు అక్కా. రాత్రంతా భయం వేసింది."

"ఇప్పుడు?"

"ఇప్పుడు కూడా భయమే." కుర్చీ నా బల్ల దగ్గరికి లాక్కున్నాడు. "బట్ నువ్వు చెప్తే నమ్ముతాను. సెప్టెంబర్‌లో నా స్పీడ్ నువ్వే మెజర్ చెయ్యి."