ఆ పోయినావిడ సంగతి

కోవిల్‌పట్టి,
ఆదివారం సాయంత్రం

అక్కకు సరళ నమస్కారాలు. నేను బాగున్నాను. నీ మోకాలి నొప్పి, బావగారి దగ్గు, నాన్న నిద్ర ఎలా ఉన్నాయో ముందు అవి రాయి. ప్రతి ఉత్తరంలోనూ నువ్వు "మీ ఆయన దగ్గరికి ఎప్పుడు తిరిగి పోతావే" అని అడుగుతున్నావు. దానికి జవాబు చివర రాస్తాను. ముందే అక్కడికి దూకి చదవకు, నీ అలవాటు నాకు తెలుసు.

ఇక్కడ ఎండ చెప్పనలవి కాదు. నీళ్ళు రోజు మార్చి రోజు వస్తాయి. బడిలో ఇంగ్లీషు చెబుతున్నాను, పిల్లలు మంచివాళ్ళే. సజ్జ సంగటి అలవాటైంది, కడుపునిండా తింటున్నాను, దిగులు పెట్టుకోకు. నేనుండేది రెంగమ్మగారి ఇంట్లో ఒక గది. వీళ్ళు ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఆ తెలుగు మన ముత్తవ్వ మాటలాగా ఉంటుంది గాని, చదవడం ఎవరికీ రాదు. ఒంటరి ఆడదానికి ఈ ఊళ్ళో గది దొరకడం గగనం. ఇది పోతే నేను పెట్టె సర్దుకుని రావలసిందే. ఆ భయం మనసులో పెట్టుకుని మిగతాది చదువు.

సాయంత్రాలు ఆడవాళ్ళు అరుగు మీద కూర్చుని కూలికి అగ్గిపెట్టెల అట్టలు బంకతో అంటిస్తారు. బడి లైబ్రరీ నుంచి నేనొక అమెరికా నవల తెచ్చుకున్నాను. రాసినాయన పాతకాలం వాడు, పెద్ద పేరున్నవాడు, ఆ పేరు నీకు నోరు తిరగదు. చేతులకు పని, చెవులకు ఖాళీ కదా అని రోజూ కొంత తెలుగులో చెబుతూ వచ్చాను. ఒక ఓడల వ్యాపారి భార్య పొద్దున్నే పెట్టె పట్టుకుని ఇల్లు వదిలి పోతుంది. ఎందుకు పోయిందో ఆ రాసినాయన ఎక్కడా రాయడు. గొడవంతా అక్కడ మొదలైంది.

పక్కింటి మరియమ్మ అంది, "మంచాయన. ఆడదాని గుట్టు నలుగురిలో పెట్టలేదు."

రెంగమ్మ బంక చెయ్యి కూడా తుడుచుకోలేదు. "ఏం మంచాయన? తెలిసుండీ చెప్పనివాణ్ణి నమ్మేదెట్ల? నాకు సందేగంగా ఉండాది." అని నావైపు తిరిగింది. "ఈ కత పుస్తగంలోదా, నీదా? నువ్వూ పెట్టెతోనే గదా వచ్చినావు."

అట్ట వెనక ఆయన ఫోటో చూపించాను. "పటం ఎవురిదైనా ఏస్తారు," అంది.

మర్నాడు రెంగమ్మ కుళాయి దగ్గర నన్ను చూసి "సాప్టీంగళా?" అంది. తిన్నారా అని, మర్యాదగా, తమిళంలో. ఇంటి మనిషితో వీళ్ళు తమిళం మాట్లాడరక్కా. నేనూ తక్కువ తినలేదులే. పెట్టెకు తాళం వేశాను. మరియమ్మ మామూలుగా పలకరించినా కూపీ లాగుతోందనిపించింది. పోస్టువాడు నీ ఉత్తరం రెంగమ్మ చేతికిస్తే, విప్పి మళ్ళీ అంటించిందేమోనని వెలుతురులో పెట్టి చూశాను. తెలుగు చదవడం రాని మనిషి మీద ఈ అనుమానమేమిటో నువ్వే చెప్పు.

నిన్న రెంగమ్మ ఆ పుస్తకం అడిగి తీసుకుని విరుదునగర్ పోయింది. అక్కడ వాళ్ళన్న ఉన్నాడు, రిటైరైన మాస్టారు, ఇంగ్లీషు వచ్చినవాడు. నిజం తేల్చుకోవడానికే పోయిందని నాకు తెలుసు. రాత్రి అక్కడే ఉండిపోయింది.

ఇవాళ మధ్యాహ్నం వచ్చి పుస్తకం నా మంచం మీద పెట్టి, వాకిట్లోనే నిలబడింది. నేను గదిమీద ఆశ వదులుకున్నాను.

"మాయన్న ఈ పుస్తగం కాలేజీలోనే చదివినాడంట," అంది, తెలుగులోనే. "శానా గొప్పాయనంట, యాపారం అంటే ఏందో ఈయన్ని చదివి నేర్సుకోవాలంట. ఆడది పోయిన కత ఇందులో లేనే లేదన్నాడు."

అక్కా, ఆ మాస్టారు అబద్ధం చెప్పలేదు. అంతా చదివే ఉంటాడు. ఆవిడ పోవడం ఒక్కటే ఆయనకు కనపడలేదు. కాని నేనది ఎలా నిరూపించను?

రెంగమ్మ గడప మీద కూర్చుంది. "నేను బస్సెక్కతా ఉంటే మా వదిన ఎనకాలే వచ్చింది. పొయ్యి కాడ నుంచి మా మాటలన్నీ ఇన్నాది. 'పోయినామె తిరిగి పోయిందా లేదా, మీ ఇంట్లో ఉండే ఆ పాపని అడిగి చెప్పు' అనింది. ఇన్నేండ్లలో ఆమె ఏదీ అడిగింది లేదు. తిరిగి పోయిందా?"

"లేదు," అన్నాను. "కథ అయిపోయేదాకా పోలేదు."

"ఇది పుస్తగం చెప్పేదా, నువ్వు చెప్పేదా?"

"ఇద్దరమూ," అన్నాను.

"ఆ రాసినాయన మీద నాకు ఇంకా సందేగమే," అంది. లేచి, వంటింట్లోకి పోతూ అడిగింది, "తిన్నావా?"

నాకు ఏడుపొచ్చింది.

నాన్నకు నా నమస్కారాలు చెప్పు, పిల్లలకు ముద్దులు. వీలున్నవాళ్ళతో వేరుశనగ మిఠాయి పంపుతాను. నన్ను ఆశీర్వదించండి. నువ్వు నాకు ఒక పని చేసిపెట్టాలి. మా ఆయన ఇంట్లో నా కుట్టుమిషను, మిగిలిన చీరలు ఉన్నాయి. బావగారిని పంపి తెప్పించు. లారీ ఆఫీసులో వేస్తే ఇక్కడ విడిపించుకుంటాను.

నీ చెల్లెలు,
సరళ