పెద్దమ్మగారు నడిచే నీళ్ళు

తాడేపల్లిగూడెం,
గురువారం.

అక్కకూ, బావగారికీ నాగమణి నమస్కారాలు.

మండవల్లిలో మీరంతా కులాసా అని తలుస్తాను. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? మందు మానకు. ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. నిజంగానే బాగున్నాం, బెంగపెట్టుకోకు.

పోయిన ఆదివారం వస్తానని రాలేదు, కోపం వచ్చే ఉంటుంది. కారణం చెబుతాను, విను.

కొల్లేట్లో మేం కాపలా ఉన్న చేపల చెరువు గట్టు గవర్నమెంటువాళ్ళు కొట్టేశాక ఈ బంగళాలో పనికి వచ్చి ఎనిమిది నెలలైంది. ఇంకా ఈ ఊరు అలవాటు కాలేదు. ఎండలు మండిపోతున్నాయి, గాలి లేదు. చేప తెస్తారు గానీ ఐసులో పెట్టింది, రుచే తెలియదు. మాట్లాడదామంటే వంటావిడ తప్ప ఎవరూ లేరు.

మీ మరిది గేటు దగ్గర ఉంటారు. నేను ఇంటాయన తల్లిని చూసుకుంటాను. పెద్దమ్మగారికి పక్షవాతం వచ్చి ఎడమకాలు పడిపోయింది. నేల మీద నిలబడలేరు, నీళ్ళలో మాత్రం నడుస్తారు. అందుకని కొడుకు పెరట్లో ఛాతీలోతు స్విమ్మింగ్‌పూల్ కట్టించారు. రోజూ పొద్దున్న ఒక గంట, పాత చీరతో నేనూ దిగి ఆవిడ నడుం పట్టుకుని నడిపిస్తాను.

మూడు వారాల కిందట ఆ నీళ్ళు తగ్గడం మొదలైంది. రోజుకు నాలుగు వేళ్ళు. పైగా నీళ్ళను లాగి వడకట్టే పంపు గరగరమని గాలి పీల్చి ఆగిపోతోంది. మెకానిక్ వచ్చి విప్పి బిగించాడు. రెండు రోజులకు మళ్ళీ అదే గోల. “అడుగున పగిలుంటుందండీ, మొత్తం తవ్వాలి” అన్నాడు. ఇంటాయన కోపం మీ మరిది మీదకు మళ్ళింది.

“వాల్వు తిప్పి కొబ్బరిచెట్లకు వదిలేస్తున్నావా ఏంటి, సత్యం?”

“లేదండీ. నేను ముట్టుకోనైనా లేదండీ.”

“మరి ఎటు పోతున్నాయి? నావల్ల కాదు. సోమవారం మట్టి తోలించి పూడ్చేస్తాను.”

వరండాలో కూర్చున్న పెద్దమ్మగారు విన్నారు. ఆవిడకు మాట సరిగా రాదు. “నన్ను కూడా... పూడ్చెయ్యి” అన్నారు. కొడుకు తల వంచుకుని లోపలికి వెళ్ళిపోయారు.

ఆ పూట మీ మరిది అన్నం ముట్టలేదు. “దొంగన్నట్టే కదా మణీ, వెళ్ళిపోదాం” అన్నారు. ఎక్కడికని వెళతాం అక్కా? “చెరువు గట్టు కారితే ఎక్కడో వెతికేవాళ్ళం కదండీ, ఇదీ అంతే” అన్నాను.

పంపు ఆపేసి, బకెట్‌నిండా నీళ్ళు పోసి పూల్ మెట్టు మీద పెట్టాం. బకెట్లో నీళ్ళు దాదాపు అలాగే ఉన్నాయి. పూల్లో మాత్రం దిగిపోయాయి. అంటే ఎండకు ఆవిరవడం కాదు. దిగి దిగి, గోడలో ఉన్న గుండ్రటి దీపం అడుగు అంచున ఆగాయి. మర్నాడు చూసినా అక్కడే, అంటే కారేది ఆ దీపం దగ్గరే. మళ్ళీ నింపించి, కరెంటు మెయిన్ కట్టేసి నేను దిగాను. నీలిమందు కలిపిన నీళ్ళు సూది లేని సిరంజితో దీపం చుట్టూ కొద్దికొద్దిగా వదిలాను. అంతటా పొగలా విడిపోయిన నీలం, వైరు వచ్చే గొట్టం దగ్గర దారంలా సాగి లోపలికి పోయింది. “ఏవండీ, ఇదిగో!” అని అరిచిన అరుపుకు వంటావిడ పరిగెత్తుకొచ్చింది. కరెంటు పనివాడితో దీపం ఊడదీయించి, గొట్టం చుట్టూ నీళ్ళలోనే గట్టిపడే ముద్ద పెట్టించాం.

పంపు జబ్బు వేరు. మూత చుట్టూ సబ్బు నురగ రాసి పంపు వేస్తే ఒక్కచోట నురగ లోపలికి పీల్చుకుంది. మూత కింద రబ్బరు రింగు చిట్లింది. కొత్తది వేసి, పంపు నిండా నీళ్ళు పోసి స్విచ్ వేశాం. గరగర లేని ఆ చప్పుడు విని మీ మరిది ఎన్నాళ్ళకో నవ్వారు.

నీళ్ళు నిలిచాకే ఇంటాయనకు చెబుదామని ఆదివారం గోడ మీద గీత పెట్టి, మీ దగ్గరికి రాకుండా ఉండిపోయాం. మేం చెప్పేలోగానే సోమవారం మట్టి ట్రాక్టరు వచ్చేసింది. ఇంటాయన వరండాలోంచి గేటు తియ్యమన్నారు. మీ మరిది తియ్యలేదు! “ఒక్కసారి వచ్చి చూడండి అయ్యగారూ. అప్పుడు తీయమంటే తీస్తానండీ” అన్నారు.

ఆయన వచ్చారు. ముందురోజు గోడ మీద పెట్టిన గీత దగ్గరే నీళ్ళు ఉన్నాయి. వంగి, పంపు నుంచి వస్తున్న ధారలో చెయ్యి పెట్టి చూశారు. “అనకూడని మాట అన్నాను. ఏమనుకోకు సత్యం” అన్నారు. “మట్టి వెనక్కి పంపమంటారాండీ?” అని మాత్రం అడిగారు మీ మరిది.

మంగళవారం పెద్దమ్మగారిని నీళ్ళలోకి దింపాను. రెండడుగులు వేసి ఆగి, నా పట్టు విడిపించుకుని గట్టు మీదున్న కొడుకు వైపు చెయ్యి చాపారు. ఆయన వేసుకున్న బట్టలతోనే దిగారు.

ఇంటాయన రెండు రోజులు సెలవిచ్చారు, వచ్చే వారం వస్తాం. కాసిని ఎండు రొయ్యలు తీసి ఉంచు. అత్తయ్యగారికి నా దండాలు చెప్పు. మీ మరిది బావగారిని అడిగానని రాయమన్నారు. మీ ఇద్దరి దీవెనలు మాకు ఉండాలి.

పెద్దమ్మగారు మంగళవారం నుంచి రోజూ కొడుకు చెయ్యి పట్టుకునే నడుస్తున్నారు. పొద్దున్న ఆ గంట నాకు పనే లేదు. ఈ ఉత్తరం గట్టు మీద కూర్చుని రాస్తున్నాను.

నీ చెల్లెలు,
నాగమణి