ఎండిన ఏట్లో దొరికిన ఇరవై పైసలు

మెల్‌బోర్న్,
ఆదివారం

అన్నయ్యకు,

నువ్వూ వదినా పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తూ నీ చెల్లెలు రాస్తున్నది. ఇక్కడ నేనూ శిరీషా బాగానే ఉన్నాం. ప్రతి ఉత్తరంలోనూ బాగానే ఉన్నామని రాస్తానని వదిన దెప్పిందట. ఏం చెయ్యను, అలా మొదలుపెడితే తప్ప నాకు కలం కదలదు.

ఇక్కడ వేసవి అయిపోవస్తున్నా వాన చుక్క లేదు. పొద్దున స్వెట్టరు, మధ్యాహ్నం చెమట. ల్యాబ్‌లో పని ఎప్పటిలాగే ఉంది. నువ్వు పంపిన ఆవకాయ అడుగుకొచ్చింది. పిల్లకు కారమని ముక్కను నీళ్ళలో కడిగి పెడుతున్నాను. ఆయన ఉంటే ఎంత నవ్వేవారో! ఆయన పోయి మూడేళ్ళు నిండాయి. మిగతా రోజులు పనిలో పడి గడిచిపోతాయి కానీ ఆదివారం మాత్రం గడవదు అన్నయ్యా.

పక్కింట్లో కెన్ అనే పెద్దాయనా, ఆయన భార్య జీనూ ఉంటారు. నేను తలుపులు వేసుకుని కూర్చోవడం చూడలేక ఈమధ్య "కమ్ విత్ అస్, లవ్" (ఇక్కడి పెద్దవాళ్ళు అమ్మాయీ అనడానికి లవ్ అంటారు) అంటూ మా ఇద్దరినీ కారెక్కించుకుపోతున్నారు. కెన్‌కి ఒక పిచ్చి ఉంది. మెటల్ డిటెక్టర్ అని ఒక యంత్రం, కర్ర చివర పెనమంత పళ్ళెం ఉంటుంది. దాన్ని నేలకు ఆనీ ఆనకుండా ఊపుతూ నడవాలి. అడుగున లోహం ఉంటే కుయ్‌మంటుంది. అలా పాత నాణేలు, గుండీలు, గుర్రపు నాడాలు ఏరుతారు. చాలాసార్లు బీరు డబ్బాల రేకులే వస్తాయనుకో. వెతికిన చోటికి మళ్ళీ వెళ్ళరు. ఏ రైతునో బతిమాలి వారం వారం కొత్త చోటు సంపాదిస్తారు.

పోయిన ఆదివారం తీసుకెళ్ళిన కొత్త చోటు నాకు తెలిసిన వంతెనే. కింద ఏరు ఎండిపోయి చిన్న మడుగు మిగిలింది. కొవ్వూరు నుంచి రాజమండ్రి వెళ్ళేటప్పుడు రైలు వంతెన ఎక్కగానే గోదావరిలో పైసలు వేసేవాళ్ళం కదా, ఆ అలవాటును మా ఆయన ఇక్కడికీ మోసుకొచ్చారు. తామరపువ్వు ఉన్న ఇత్తడి ఇరవై పైసల బిళ్ళలు దేవుడి గూట్లోంచి గుప్పెడు తెచ్చి కారులో పెట్టుకున్నారు. ఏ ఏరు కనబడినా కారు ఆపాల్సిందే. అప్పట్లో ఆ వంతెన మీద శిరీషను ఎత్తుకుని దాని చేత వేయించారు.

"ఇదేమన్నా గోదారా? పిల్ల కాలవక్కూడా దణ్ణాలేనా?" అన్నాను నేను.

"నీళ్ళకి ఊరూ పేరూ ఏంటే? దణ్ణం పెట్టు తల్లీ, గోదారమ్మకి ఇదే చెప్పేస్తుందిలే," అన్నారు.

పిల్ల "బై బై గోదారమ్మా" అని అరిచింది.

మొన్న ఆదివారం ఆ మడుగు అంచున యంత్రం నా చేతిలోనే కూసింది. బురద తవ్వితే ఆ బిళ్ళే. నల్లబడింది కానీ తామరపువ్వు తెలుస్తూనే ఉంది. కెన్ ఎగిరి గంతేసినంత పని చేశారు. వెనకటి రోజుల్లో మన దేశం వాళ్ళు మూటలు మోసుకుంటూ ఈ దారుల్లో బట్టలు అమ్మేవారట. ఇది వాళ్ళదే అయ్యుంటుందని భూతద్దం తీశారు. నేను ఏడుస్తుంటే చూసి ఆగిపోయారు. ఎవరిదో చెప్పాను. టోపీ తీసేసి, "ఓ, లవ్," అన్నారు. ఆయన పోయిన రోజున కూడా నేనంత ఏడవలేదు.

శిరీషను పిలిచి బిళ్ళ దాని అరచేతిలో పెట్టాను. వంతెన చూపించాను. నాన్న ఎత్తుకున్నారని, నువ్వే వేశావని చెప్పాను. చాలాసేపు చూసి, "ఐ డోంట్ రిమెంబర్, మమ్," అంది. పోనీ నాన్న ఎలా మాట్లాడేవారో గుర్తుందా అని అడిగాను. బిక్కమొహం వేసి, "నాట్ రియల్లీ. వాజ్ హీ లౌడ్?" అంది.

దానికి తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో చెబుతుంది, అందుకైతే సర్దుకున్నాను. వాళ్ళ నాన్న గొంతు మరిచిపోతుందని ఎన్నడూ అనుకోలేదు. మొహమంటే ఫోటోలో చూపిస్తాను, గొంతు ఎక్కణ్ణుంచి తేను? నీళ్ళకు ఇచ్చింది వెనక్కి తీసుకోకూడదంటారు. నేను మాత్రం బిళ్ళ ఇంటికి తెచ్చుకున్నాను. పాపమైతే నాకే రానీ.

మేం వచ్చిన కొత్తలో ఆయన ఉత్తరం రాయడానికి బద్ధకించి, క్యాసెట్‌లో మాట్లాడి మీకు పంపారు, గుర్తుందా? వదిన చేసే పులుసు మీద వేళాకోళం, కంగారూల కబుర్లు, మధ్యలో నా కేకలు. అది మీ ఇంట్లోనే ఉండాలి. పాత ట్రంకు పెట్టెల్లో కూడా చూడు. దొరికితే పోస్టులో వెయ్యకు, ఇటు వచ్చేవాళ్ళ చేతికే ఇవ్వు.

పెదనాన్నగారికీ దొడ్డమ్మకూ నా నమస్కారాలు అందజెయ్యి. వదినను అడిగానని చెప్పు. పిల్లలకు ముద్దులు. నన్నూ నా పిల్లనూ చల్లగా ఉండమని దీవించు.

ఇట్లు,
నీ చెల్లెలు
సుజాత

తా.క.: పిల్లలు ఆ క్యాసెట్ మీద సినిమా పాటలు ఎక్కించేసి ఉంటే వాళ్ళనేమీ అనకు. నాకు మాత్రం ఆ సంగతి రాయకు. ఇంకా వెతుకుతున్నామనే రాస్తూ ఉండు.