తువ్వాలు కప్పిన తెర

ఫిబ్రవరి 9, మధ్యాహ్నం

తెర మీద తప్ప ఎన్నడూ ఎదురుపడని కిడ్నీ డాక్టరమ్మ గారికి,

మూత్రంలో నెత్తురు పడుతోందని మీ ముందు కూర్చున్న పిల్ల అత్తగారు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. మీరూ, మీ ఇంటిల్లిపాదీ చల్లగా ఉండాలి.

మా ఆరోగ్యకేంద్రానికి మీతో మాట్లాడే కొత్త తెర ఇంకా రాలేదు, అందుకే ఈ ఉత్తరం. ముందు మంచి కబురు. కోడలికి మూత్రం తేటగా వస్తోంది. పెద్దాసుపత్రిలో మూత్రానికి వేసిన గొట్టం తీసేశారు. కిడ్నీ చీలింది గానీ తియ్యక్కర్లేదట. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేది కాదన్నారు. నిన్న కూర చప్పగా ఉందత్తయ్యా అని మొహం చిట్లించింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ రోజు సంగతి మీరు విన్నారే గానీ చూడలేదు. దెబ్బెలా తగిలిందమ్మా అని మీరు కోడల్ని అడిగితే, మెట్ల మీంచి జారిందని చెప్పింది మావాడు, దాని మొగుడు. నొప్పెక్కడ అంటే, నడుములో అన్నదీ వాడే. నొప్పి నీకా, ఆవిడకా అని మీరు గదమాయించారు చూడండి, నాకు లోపల్లోపల భలే అనిపించింది. నడుము కెమెరాకి చూపించమనేసరికి మావాడి మొహంలో నెత్తురుచుక్క లేదు. అక్కడ చెప్పు మడమ అచ్చు నల్లగా కమిలిపోయి ఉంది మరి. ఆ చోటు నాకు బాగా తెలుసు. వాళ్ళ నాన్న కాలూ సరిగ్గా అక్కడికే వచ్చేది.

నర్సమ్మ గొట్టం తేవడానికి పక్కగదిలోకి వెళ్ళింది. వాడు మెడలో తువ్వాలు తీసి తెర మీద కప్పేశాడు. దాంతో మీరు వెళ్ళిపోయినట్టే అనుకున్నాడు, వెర్రివెధవ! కోడల్ని జుట్టు పట్టి బల్ల మీంచి కిందికి లాగాడు. ఒకసారి తన్నింది చాల్లేదా, నోరు విప్పావంటే రెండో కిడ్నీ కూడా పగలగొడతానన్నాడు. దాని నుదురు బల్లకోడుకి తగిలి చిట్లింది. నేను అడ్డం పడితే గోడకేసి విసిరాడు. పెదవి చీలి నెత్తురు ఉమ్మాను.

అప్పుడు తువ్వాలు కిందనుంచి మీ గొంతు! ఏయ్, ఆవిడ మీద చెయ్యి తియ్యి, నాకంతా వినిపిస్తోంది, పోలీసులకి చెప్పేశాను అన్నారు. మావాడు హడలి చచ్చాడు. మరుక్షణం స్టూలెత్తి తెరని పగలగొట్టాడు. పెంకులన్నీ పిల్ల ఒంటి మీద పడ్డాయి. మీ గొంతు మాకూ, మా మాట మీకూ వినిపించే డబ్బా తెర కింద వేరేగా ఉంది కాబట్టి అదొక్కటీ బతికింది.

ఆ తర్వాత వచ్చిన చప్పుడేమిటని మీరు నర్సమ్మని ఫోన్లో అడిగారట. పారిపోతూ గుమ్మంలో జారి చెయ్యి విరగ్గొట్టుకున్నాడని ఆవిడ చెప్పింది. పోలీసులూ అదే రాసుకున్నారు.

ఇప్పుడు వాడు జైల్లోంచి బయటికి రావాలని చూస్తున్నాడు. వస్తే చంపేస్తాడని పిల్ల నిద్రలో ఉలిక్కిపడుతోంది. కన్నకొడుకునే పట్టిస్తావా, నువ్వొక తల్లివా అని నా తమ్ముడు నా మీద ఎగురుతున్నాడు. డాక్టరు కళ్ళతో చూడలేదు కదా, ఆ సాక్ష్యం చెల్లదని మావాడి వకీలు అంటున్నాడట. మాకు మీరు తప్ప దిక్కు లేదు. మీరు కోర్టుకి వచ్చి విన్నది విన్నట్టు చెప్పండమ్మా. ఏదీ దాచకండి.

మీ మేలు మరవని,
ఆ పిల్ల అత్తగారు

తా.క.: ఏదీ దాచొద్దని మీకు చెప్పి నేను దాస్తే ఏం బాగుంటుంది? వాడు జారలేదు. స్టూలు మళ్ళీ ఎత్తాడు, ఈసారి పిల్ల తల మీదికి. నేను సెలైన్ స్టాండు లాక్కుని వాడి చేతి మీద కొట్టాను. మీరు విన్నది ఆ ఎముక విరిగిన చప్పుడే. కిందపడ్డాక కూడా కొట్టాను, చెయ్యి ఆగలేదు. నర్సమ్మ నన్ను కాయడానికి అబద్ధమాడింది, ఆవిడనేమీ అనకండి. కోర్టులో ఇదీ చెప్పండి. తెర పగిలాక కూడా మీరు ఆపు, ఆపు అని అరుస్తూనే ఉన్నారు. వాణ్ణి ఆపుతున్నాననుకునే అరిచారు. అప్పటికి కొడుతున్నది నేను.