కుట్టుమిషన్‌కి పచ్చ మార్కు

పాప అమ్మమ్మగారికి,

నేను మీ మనవరాలి వయొలిన్ టీచర్ని. ఎప్పుడు ఫోన్ చేసినా "గౌను మధ్యలో ఉన్నాను" అని పెట్టేస్తున్నారు. అందుకే ఈ ఉత్తరం పాప వయొలిన్ పెట్టెలో పెట్టి పంపుతున్నాను.

స్కూలు వాళ్ళు పిల్లలకి ట్యాబులు ఇచ్చారు కదా. ఇంట్లో సాధన చేస్తుంటే ఆ ట్యాబ్ విని, బాగుంటే పచ్చ మార్కు, తప్పితే ఎర్ర మార్కు వేస్తుంది. రికార్డింగు నాకు వస్తుంది. మీ ఇంటి సంగతే నాకు అంతుపట్టడం లేదు. శ్రుతికి ఎరుపు, లయకి మాత్రం రోజూ పచ్చ. క్లాసులో చూస్తే ఈ పిల్ల లయ తప్పకుండా ఒక్క వరుస వాయించిన పాపాన పోలేదు. ఇంట్లో ఏం జరుగుతోందండీ?

వచ్చే నెలలో కచేరీ. రెండింటికీ పచ్చ రాని పిల్లలకి అందులో చోటు లేదు. స్కూలు వయొలిన్ కూడా తిరిగి ఇచ్చేయాలి. నా మీద కోప్పడకండి, ఇది స్కూలు ఆఫీసు వాళ్ళ రూలు.

ఉంటాను,
వయొలిన్ టీచర్

తా.క.: మొన్నటి రికార్డింగులో అసలు వయొలినే లేదు. మొదటి నుంచీ చివరిదాకా టకటకటక. దానికీ పచ్చ మార్కు పడింది.

*

టీచరమ్మకి, మిషన్ ముందు నుంచే నమస్కారం.

ఆ టకటక నేనే. మాది ఒకటే గది. కిటికీ పక్కన నా కుట్టుమిషన్, మంచం పక్కన దాని వయొలిన్. నేను తొక్కుతుంటాను, అది వాయిస్తుంటుంది. ట్యాబ్ నా కత్తిరింపుల బల్ల మీద ఉంటుంది.

ఒక్క మాట ముందే చెప్పాల్సింది. ట్యాబ్‌లోంచి ఒకావిడ "మళ్ళీ ప్రయత్నించండి" అంటుంటే నాతోనే అంటోందనుకున్నాను. ఎవరిదో కోటు చెయ్యి విప్పి మళ్ళీ కుట్టాను. మళ్ళీ అంది. మళ్ళీ విప్పాను. ఇన్నేళ్ళలో నా కుట్టుకి వంక పెట్టినవాళ్ళు లేరు తల్లీ!

వయొలిన్ వెనక్కి ఇవ్వాలన్న సంగతి పాపకి చెప్పలేదు. అది ఆ పెట్టె మీద చెయ్యి వేసుకుని నిద్రపోతుంది. ఎలా చెప్పమంటారు?

ఇట్లు,
అమ్మమ్మ

తా.క.: పిల్లకి మార్కులు తక్కువైతే నాకొచ్చిన పచ్చవి దానికి వేసేయండి. నేనేం చేసుకుంటాను?

తా.క. రెండోది: పాప విప్పి చదవకుండా కవరుకి కుట్టు వేశాను.

*

అమ్మమ్మగారికి నమస్తే.

కవరు విప్పడానికి పక్క క్లాసు నుంచి కత్తెర తెచ్చుకోవాల్సి వచ్చింది. దయచేసి ఈసారి జిగురు వాడండి.

మార్కులు అలా మార్చడం కుదరదండీ. పాప వాయించేటప్పుడు ఆ చప్పుడు ఆపేయండి, చాలు.

ఇంకోటి. ట్యాబ్ మాటలు కూడా వింటుంది. "ఆ టీచరమ్మ కోటు చంకలో పట్టేస్తోంది, వయొలిన్ కమాను ఎత్తిందంటే వీపు మీద కుట్టు ఊడడం ఖాయం" అని మీరు అన్నది స్పష్టంగా రికార్డయింది. నిజమే, పట్టేస్తోంది. కానీ ఇప్పుడు విషయం అది కాదు.

మీ,
వయొలిన్ టీచర్

తా.క.: ఆ రికార్డింగు ఆఫీసు ఆయన కూడా విన్నారు. అప్పట్నుంచి నేను ఎదురుపడితే ముఖం మానేసి నా చంక వైపు చూస్తున్నారు.

*

టీచరమ్మకి.

నమస్కారం పెట్టాలనే ఉంది గానీ కోపంగా ఉన్నాను. నా మిషన్‌ని చప్పుడు అంటారా? ఈ ఇంట్లో అన్నం ఉడికింది ఆ చప్పుడుతోనే.

సరే, మీ మాట కాదనలేక ఆపేశాను. ఏమైంది? పిల్ల ఒక వరుస పరుగెత్తింది, ఇంకో వరుస నత్తనడక నడిచింది, మధ్యలో నిలబడిపోయింది. అన్నీ ఎర్ర మార్కులే. "నాకు రాదు అమ్మమ్మా" అని కమాను మంచం మీద పడేసి ఏడ్చింది.

ఇక ఉండబట్టలేక మిషన్ ఎక్కాను. గుడ్డ లేదు, దారం లేదు. ఊరికే దాని పాటకి తగ్గట్టు తొక్కాను. వినండి మీరే. కచేరీకి మిషన్ మోసుకొస్తాను. కాదన్నారో, నేనూ రాను, అదీ రాదు.

అమ్మమ్మ

తా.క.: ట్యాబ్‌కి గుడ్డ సంచి కుట్టాను. చెవులున్న చోట కన్నాలు వదిలాను.

తా.క. రెండోది: కోపం కోపమే. ఆ కోటు మాత్రం పంపండి.

*

అమ్మమ్మగారూ,

విన్నాను. లయ పచ్చ, శ్రుతి కూడా పచ్చ. లయ గురించి భయం పోయేసరికి వేళ్ళు వాటి చోటు అవే వెతుక్కున్నట్టున్నాయి. చప్పుడు అన్నందుకు క్షమించండి. కచేరీలో పాపకి చోటు ఇచ్చారు. వేదిక మీద కూడా పచ్చ పడితే వయొలిన్ పాప దగ్గరే ఉంటుంది.

వేదిక మీదికి కుట్టుమిషన్ అంటే ఆఫీసు ఆయన ససేమిరా అన్నారు. "తాళ వాద్యం, కాళ్ళతో వాయించేది" అని రాసిచ్చాను. సంతకం పెట్టేశారు. మీరు తెర వెనక కూర్చోవాలి. మెత్తగా తొక్కండి.

నమస్కారాలతో,
వయొలిన్ టీచర్

తా.క.: పెట్టెలో కోటు ఉంది. కమాను ఎత్తేంత వదులు చాలు.

*

అమ్మమ్మగారికి వేల వేల నమస్కారాలు.

నిన్న పాప ఎంత బాగా వాయించిందండీ! ట్యాబ్‌లో ఒక్క ఎరుపు లేదు. వయొలిన్ ఇక పాపదే. ఇదంతా మీ మిషన్ చలవే. ఎంత మెత్తగా తొక్కారో, ముందు వరుసలో ఉన్న నాకే వినబడలేదు. వచ్చే ఏడాది కూడా మిషన్ తెచ్చుకోమన్నారు ఆఫీసు వాళ్ళు.

కృతజ్ఞతలతో,
వయొలిన్ టీచర్

తా.క.: అలాంటి వాద్యం ఎక్కడ నేర్పుతారని ఇద్దరు తల్లులు అడిగారు. మీ అడ్రసు ఇచ్చాను.

తా.క. రెండోది: కోటు అద్భుతం. ఆఫీసు ఆయన మళ్ళీ నా ముఖం చూసి మాట్లాడుతున్నారు.

*

టీచరమ్మా, చల్లగా ఉండు తల్లీ.

నీకు వినబడడానికి నేను తొక్కితే కదా! పాటలో మొదటి వరుస పూర్తి కాకుండానే మిషన్ బెల్టు పుటుక్కుమని తెగింది. మెట్లెక్కించేటప్పుడు ఎక్కడో నలిగినట్టుంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. తెర సందులోంచి చూశాను. పిల్ల ఒక్కసారి నా వైపు తల తిప్పింది. అయిపోయింది, వయొలిన్ పోయింది అనుకున్నాను.

దాని కుడికాలు కదలడం మొదలైంది. మడమ, వేళ్ళు, మడమ, వేళ్ళు. అచ్చం నా తొక్కుడే. చివరిదాకా ఆగలేదు. నేను ఒళ్ళో చేతులు పెట్టుకుని విన్నాను, ఏడ్చాను.

ఇంటికొస్తుంటే అడిగింది, "బెల్టు తెగినప్పుడు భయపడ్డావా అమ్మమ్మా?" అని. లేదని అబద్ధం చెప్పాను. "నేనూ ఆపేస్తే నువ్వు కంగారు పడతావని వాయిస్తూనే ఉన్నా" అంది.

వచ్చే ఏడాది మిషన్ రాదు. నేను నీ పక్కన, ముందు వరుసలో కూర్చుంటాను.

ఇట్లు,
అమ్మమ్మ

తా.క.: కొత్త బెల్టు ఇంకా బిగుతుగా ఉంది. పొద్దున్న ట్యాబ్ నా లయకి ఎర్ర మార్కు వేసింది. మళ్ళీ ప్రయత్నిస్తున్నాను.