గడియ వేసుకున్న జనరల్

గురువారం రాత్రి, మస్కట్ పక్కన అల్ ఖౌద్

మధ్యాహ్నం అన్నం తీసుకెళ్తే నేను చూసుకునే ముసలాయన, నేను లోపల ఉండగానే గది తలుపు గడియపెట్టి, చేతికర్ర నా గుండెకు గురిపెట్టాడు. "బాబా, నేను రమణను. అన్నం తెచ్చినా" అన్నా తన అజర్‌బైజాన్ భాషలో అరుస్తూనే ఉన్నాడు. బయటి నుంచి ఆయన కూతురు, మా మేడమ్, బతిమాలాక గడియ తీసి, పిల్లాడిలా ఏడ్చాడు.

మేడమ్ తర్వాత చెప్పింది. ఆయన గొర్రెల కాపరి కొడుకు, సిపాయిగా చేరి సోవియట్ సైన్యంలో జనరల్ అయ్యాడట. చివర్లో సొంత ఊరి జనాన్ని కాల్చమంటే కాల్చనన్నాడట. "పదవి పీకేశారు. పట్టుకుపోతారని ఏళ్ల తరబడి తలుపు దగ్గరే కూర్చునేవాడు. ఈరోజు నిన్ను వాళ్ల మనిషనుకున్నాడు."

రాత్రి నేను ముందు తాగితేగాని సూప్ ముట్టలేదు. రేపు మేడమ్ మస్కట్ వెళ్తే ఇంట్లో మేమిద్దరమే. మళ్లీ గుర్తుపట్టకపోతే...