బండి ఆగింది నా వల్ల కాదు

అనకాపల్లి నుంచి

తమ్ముడు అప్పలసామికి నీ అక్క నీలమ్మ మనసారా దీవించి రాయించేది. నువ్వూ మరదలూ ఒంట్లో బాగున్నారా. చిన్నమ్మ మోకాళ్లు ఎలాగున్నాయి, లేచి నాలుగడుగులు వేత్తందా. పెళ్లికూతురు పావని వేళకి తింటందా, ఫోను చూసుకుంటా కూకుంటందా. ఇక్కడ నేనూ, గౌరీ, అల్లుడు రమణా బాగానే ఉన్నాం. నా గురించి బెంగెట్టుకోకు. నేను చెప్తంటే మేడ మీద అద్దెకున్న నర్సమ్మ రాత్తంది. పరవాడ కంపెనీలో డ్యూటీ చేసొచ్చి, కాఫీ కూడా తాగకుండా నా కోసం కూకుంది పాపం. నా మాట నా మాటలాగే రాయమన్నాను.

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్లో చెప్పబోతే నువ్వేటన్నావు? "సర్లే అక్కా, అయిందేదో అయింది. పెళ్లికి నువ్వు రైల్లో వచ్చెయ్, ఆ బండిలో వద్దు" అన్నావు. ఆ మాట నీది కాదు. మా వియ్యపురాలు వరాలమ్మది. నేను ఎక్కితే బండి ఆగిపోతందని ఆవిడ నీకు ఫోన్ చేసి చెప్పింది, నువ్వు నమ్మేవు. నీ చిన్నప్పుడు నిన్ను చంకనేసుకు తిరిగిన అక్కని నువ్వు నమ్మలేదు, ఒక్కసారి గౌరి పెళ్లిలో చూసిన మనిషిని నమ్మేవు. అందుకే కాయితం మీద పెట్టిత్తన్నాను. చిన్నమ్మ ముందర, మరదలి ముందర గట్టిగా చదివించు.

ఈ ఊరు నాకింకా ఒంటికి పట్టలేదు. ఎండ మన టెక్కలి ఎండలాంటిదే గానీ ఉక్క ఎక్కువ. బెల్లం వాసన బాగుంటదనుకుంటావు. రోజూ పీలిత్తే మొహం మొత్తుద్ది. ఆ ఈగలు ఒకటి, అన్నం మీద చెయ్యి ఊపుకుంటా తినాలి. మాట్లాడ్డానికి మనిషి లేదు. గౌరికి ఫోన్లు, అల్లుడికి బండి, వరాలమ్మకి పూజలు. అయినా తిండికి లోటు లేదు, అది మాత్రం చెప్పాలి.

ఆ బండి సంగతి నీకు సరిగ్గా తెలీదు. అల్లుడూ వాళ్లూ పాత మినీ బస్సు కొని, లోపలి సీట్లు పీకించి, పడుకోడానికి బల్లలు, గ్యాసు పొయ్యి, నీళ్ల తొట్టి, మూల చిన్న మరుగుదొడ్డి పెట్టించేరు. కారవాన్ అంటారంట. ఇల్లూ కాదు, బండీ కాదు. వండుకునే చోటికి మూడడుగుల్లో మరుగుదొడ్డి ఏటని నేను మొదటిరోజే ముక్కు మూసుకున్నాను. గుళ్లకీ, అరకుకీ వెళ్లే కుటుంబాలు బాడుగకి తీసుకుంటారు. దూరం వెళ్లినప్పుడు వంటకి నేను వెళ్తాను. సబ్బవరం, ఎలమంచిలి లాంటి దగ్గిర ఊళ్లకైతే వంటెందుకు, నేను ఇంట్లోనే ఉంటాను. ఈ ఒక్క ముక్క గుర్తెట్టుకో.

శీతాకాలం వెళ్లేక బండికి జబ్బు మొదలైంది. బయలుదేరినప్పుడు ఎద్దులాగ లాగుద్ది. కొంత దూరం పోయేసరికి అల్లుడు కాలితో ఎంత తొక్కినా కదలదు, వేగం తగ్గిపోద్ది, గుక్కపట్టిన పిల్లలాగ ఎక్కెక్కి ఆగిపోద్ది. కాసేపు ఊరుకుంటే మళ్లీ లేత్తది. అరకు ఘాటీలో ఆగిపోతే చక్రాల కింద రాళ్లు పెట్టుకుని కూకున్నాం. పొయ్యి మీద పప్పు ఉడుకుతంది, కింద లోయ.

మెకానిక్కులకి చూపించేరు. ఒకడు డీజిలు ఫిల్టరు మార్చేడు. ఒకడు పంపు అన్నాడు. ఒకడు నాజిళ్లు విప్పి కడిగేడు. బైపాసు దాకా తోలి చూపించి, "చూడండి, గుర్రంలాగుంది" అనేవాడు ప్రతివాడూ. ఊళ్లో గుర్రమే. ఘాటీ ఎక్కితే ముసలి గాడిద.

అప్పుడు మా వియ్యపురాలు తేల్చింది. "వదినా, ఏటనుకోకు. నువ్వు లేనప్పుడు బండి ఆగలేదు. నువ్వు ఎక్కినప్పుడే ఆగుతంది. బొట్టు లేని మనిషి ముందు సీట్లో కూకుంటే దారి సాగదు" అంది. నా మొహం మీద అంది, తమలపాకు నవుల్తా. అల్లుడు నేల చూసేడు. గౌరి ఫోను తీసుకుని లోపలికెళ్లిపోయింది. అప్పట్నుంచి నన్ను వెనక నీళ్ల తొట్టి పక్కన, మరుగుదొడ్డి తలుపుకి ఆనుకుని కూకోబెట్టేరు. అక్కడ కూకున్నా బండి ఆగింది. మరి దానికేటంటావని అడిగితే, "ఎక్కడ కూకున్నా నువ్వు నువ్వే కదా" అంది.

పోయిన వారం ఒక కుటుంబాన్ని ఎక్కించుకుని అన్నవరం బయలుదేరేం. సామి దర్శనానికని వరాలమ్మ కూడా ఎక్కింది. ఎలమంచిలి దాటేక హైవే మీద ఆగిపోయింది. లారీలు మా పక్కనుంచి దుమ్ము కొట్టుకుంటా పోతన్నాయి. వరాలమ్మ ఆ బాడుగకి వచ్చినావిడకి నా కథంతా చెప్పింది. పొద్దున్న నేను చేసిన ఉప్మా రెండుసార్లు పెట్టించుకుని తిన్న మనిషి, నేనిచ్చిన టీ గ్లాసు ముట్టకుండా పక్కన పెట్టేసింది. ఆ గ్లాసు తీసుకెళ్లి రోడ్డు పక్కన పారబోసి, బండి చుట్టూ తిరిగొచ్చేను.

అల్లుడు డీజిలుందో లేదో చూద్దామని టాంకీ మూత తిప్పేడు. ఉస్స్ మని గాలి లోపలికి లాక్కుంది. పక్కనే ఉన్నాను, చెవులారా విన్నాను. మూత మళ్లీ బిగించేడు, తాళం తిప్పితే బండి లేచింది. ఆ చప్పుడు నేనెరుగుదును తమ్ముడూ. కొత్త నూనె డబ్బాకి ఒకటే కన్నం పెట్టి వంచితే, కొంచెం పడి ఆగిపోద్ది. డబ్బా లోపలికి నొక్కుకుపోద్ది. రెండో కన్నం పెడితే గాలెళ్లి నూనె ధారగా పడుద్ది. మన అమ్మ నీకూ నాకూ నేర్పిన పనే అది.

కొంత దూరం పోయేక మళ్లీ ఆగింది. "బాబూ, ఆ మూత తియ్యి" అన్నాను.

"అత్తయ్యా, ఇందాకే చూసేను, డీజిలు నిండా ఉంది."

"నిండా ఉంది కాబట్టే తియ్యమంటన్నాను. తియ్యి."

తీసేడు. ఉస్స్ మంది. తాళం తిప్పితే లేచింది. మూత బిగించొద్దన్నాను. వదులుగా పెట్టించి, దాని మీద నా తువ్వాలు కట్టించేను. అప్పుడెళ్లి ముందు సీట్లో కూకున్నాను. వరాలమ్మ "వదినా" అంది. నేను తిరిగి చూడలేదు. అన్నవరం వెళ్లేం, కొండెక్కేం, దిగేం, అనకాపల్లి వచ్చేం. బండి ఎక్కడా ఆగలేదు.

మర్నాడు మెకానిక్కు మూత పట్టుకుని మేకుతో గీకేడు. మూతకి సన్నని కన్నం ఉంటదంట, డీజిలు తగ్గే కొద్దీ లోపలికి గాలెళ్లడానికి. అది మూసుకుపోతే టాంకీ డీజిలుని వదలదు. ఊళ్లో నాలుగు వీధులు తిరిగితే తెలీదు, దూరం పోతేనే తెలుస్తది. వీళ్లు బాగుచేసినప్పుడల్లా మూత తీసి పక్కన పెట్టి చేసేరు, ఇంకెక్కడ దొరుకుద్ది జబ్బు. ఆ కన్నంలోంచి ఏటొచ్చిందో తెలుసా. పసుపు. కుంకం. నువ్వుల నూనెతో కలిసి రాయిలాగ గట్టిపడిపోయి, పొరమీద పొర.

మా వరాలమ్మ శుక్రవారం శుక్రవారం చక్రాలకీ, అద్దానికీ బొట్లు పెట్టి, ఆఖర్న టాంకీ మూతకి పెడద్ది. అది బండి తాగే నోరంట, ముందు దానికి పెట్టాలంట. బొట్టు లేని నా వల్ల బండి ఆగలేదు. ఆవిడ పెట్టిన బొట్టుకి ఊపిరాడక ఆగింది.

ఆవిడకి చూపిత్తే ఏటందనుకున్నావు. "ఏదైతేనేం వదినా, దోషం పోయింది కదా" అంది. అంతే. తప్పయిందన్న మాట లేదు. వేళ్లకి ఇంకా ఆ పసుపే ఉంది. అల్లుడు నాకు పళ్లు తెచ్చిచ్చేడు. గౌరి ఏడ్చింది. నాకు వాళ్ల మీద కోపం తగ్గింది గానీ రోత తగ్గలేదు. నర్సమ్మ రోత అన్న మాట తీసెయ్యమంటంది. ఉంచమన్నాను.

ఇప్పుడు నీ సంగతి. పెళ్లికి నేను రైల్లో రాను. ఆ బండిలోనే, ముందు సీట్లోనే వత్తాను. పావని నెత్తి మీద అక్షింతలు చాటునుంచి కాదు, పీటల ముందర నిలబడి వేత్తాను. ఎవరైనా అడ్డొత్తే ఈ ఉత్తరం చదివించు. పలాస జీడిపప్పు కొంచెం తీసి ఉంచు, గౌరి అడుగుతంది. నేను మంచి బెల్లం తెత్తాను, ఈగ వాలకుండా మూట కట్టి.

నా గురించి బెంగెట్టుకోకు, బాగున్నాను. చిన్నమ్మ పాదాలకి నా దండాలు చెప్పు, నన్ను దీవించమను. మరదలికీ పిల్లలకీ నా దీవెనలు. బండొత్తే హారతివ్వండి, కొబ్బరికాయ కొట్టండి, మూతకి మాత్రం ఎవరూ బొట్టు పెట్టకండి.

బండి మీ గుమ్మం ముందర ఆగుద్ది తమ్ముడూ. నేను ఆపమంటే ఆగుద్ది.

నీ అక్క
నీలమ్మ వేలిముద్ర